ఆది జాకెట్టు

అల్ఫారెట్టా
జనవరి 6

చిరంజీవి దేదీప్యకు,

ఆశీస్సులు. నువ్వు క్షేమంగా సన్నీవేల్ చేరావని ఈషాన్ చెప్పాడు. నీతో ఇంకో కూర డబ్బా పంపాల్సింది. సూట్‌కేసు బరువు చూసి మీ అంకుల్ అడ్డం పడ్డారు.

ఈ రోజుల్లో కాబోయే అత్తగారు ఉత్తరం రాయడమేమిటి అనుకుంటున్నావేమో. మా ఇంట్లో ఫోన్లన్నీ ఈషాన్ ఒకే అకౌంట్‌కి కలిపేసి వెళ్లాడు. నేను నీకు మెసేజ్ పెడితే మీ అంకుల్ ఐప్యాడ్ మోగుతుంది. ఒక్కోసారి హాల్లో టీవీ మీద కూడా ప్రత్యక్షమవుతుంది. మన మాటలు టీవీ మీద ఎందుకు. ఈషాన్‌కి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. నా ఉత్తరం వాడి ముందే బల్ల మీద పడి ఉన్నా భయం లేదు.

సంగతేమిటంటే, పండగలకి మనందరం అతిగా తినేశాం. థాంక్స్‌గివింగ్ నుంచి న్యూ ఇయర్ దాకా తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ లేని వారం లేదు. బిర్యానీ ట్రేలు, గారెలు, పెద్ద పెద్ద కేకులు, రాత్రి మిగిలినవి మళ్లీ పొద్దున. ఇప్పుడు మెల్లగా దారిలో పడాలి. ఒక్కసారిగా కడుపు మాడ్చుకోకూడదు. అలా మాడ్చుకున్నవాళ్లు వారం తిరక్కుండా మైసూర్‌పాక్ డబ్బా దగ్గర దొరికిపోతారు. ముందు రాత్రిపూట అన్నం ఒక గరిటె తగ్గించు, కూర ఒక గరిటె పెంచు. అది అలవాటయ్యాక ఇంకోటి. తీపి పూర్తిగా మానకు, ఎప్పుడైనా చిన్న ముక్క తిను. రాగిపిండి, అవిసెల పొడి, మెంతిపొడి పార్సెల్ చేస్తున్నాను. ఏం తింటున్నావో నాకు రాస్తూ ఉండు. నేనూ రాస్తాను.

ఈ సంగతి ఈషాన్‌కి చెప్పకు. మీ అమ్మగారికి అసలే చెప్పకు.

ఇట్లు,
పద్మజ ఆంటీ


సన్నీవేల్
జనవరి 17

పద్మజ ఆంటీ గారికి,

నమస్కారం. పార్సెల్ అందింది. ఇంత శ్రద్ధగా నా గురించి ఆలోచించినందుకు థ్యాంక్స్. ఇది ఆఫీస్ షటిల్ బస్సులో కూర్చుని రాస్తున్నాను, అక్షరాలు అటూ ఇటూ ఊగితే తప్పు నాది కాదు.

అడిగారు కాబట్టి రాస్తున్నాను. మొదటి రోజు రాగిజావ ఉండలు కట్టింది. రెండోసారి బాగానే వచ్చింది, మజ్జిగ కలుపుకుని తాగాను. రాత్రి అన్నం తగ్గించాను. మీరన్నట్టు బీరకాయ కూర ఎక్కువ పెట్టుకుంటే ఆ తేడా పెద్దగా తెలియలేదు. ఆఫీస్‌లో ఉచితంగా పెట్టే కుకీల పక్కనుంచి రోజూ నడిచి వెళ్తున్నాను. శుక్రవారం మాత్రం నడవలేకపోయాను, ఆగాను.

నా రూమ్‌మేట్ నమ్రత మీ ఉత్తరం విని, "ఇది డైట్ ప్లాన్ కాదే, నోటీసు" అంది. అది అలాగే మాట్లాడుతుంది, పట్టించుకోకండి. కాని ఒక చిన్న సందేహం. క్రిస్మస్ రోజు నేను చాలంటున్నా మూడో గారె నా ప్లేట్‌లో వేసింది మీరే. ఇప్పుడు మెంతిపొడి పంపిందీ మీరే. ఈషాన్‌కి ఏమైనా పార్సెల్ వచ్చిందా అని మాటవరసకి అడిగాను. ఏమీ రాలేదట. ఫ్రీమాంట్‌లో ఫ్రోజెన్ పరాఠాలు తింటూ హాయిగా ఉన్నాడు. అవే పండగలు, అవే ట్రేలు. దారి తప్పింది నేనొక్కదాన్నేనా ఆంటీ?

పెళ్లి జాకెట్ల కోసం మీ దగ్గర వదిలిన నా ఆది జాకెట్టు, ఆ మెరూన్ రంగుది, హైదరాబాద్‌లో టైలర్ కొలతలు తీసుకోగానే తిరిగి పంపండి. నాకు సరిగ్గా పట్టే జాకెట్టు అదొక్కటే.

దేదీప్య


అల్ఫారెట్టా
ఫిబ్రవరి 8

చిరంజీవి దేదీప్యకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదువుకున్నాను. మజ్జిగ కలపడం మంచి పని చేశావు. వాడి సంగతి వేరు, నీ సంగతి వేరు.

నేను పొద్దున మెంతినీళ్లు, తర్వాత జొన్నరొట్టె, ఆకుకూర. భోజనమయ్యాక మా వీధి చివరిదాకా నడక. మీ అంకుల్ సోఫాలోంచి లేవకుండానే, "ఏం పద్మజా, ఈ వయసులో హీరోయిన్ చాన్స్ వచ్చిందా" అంటున్నారు. ఆయనకి తెల్లన్నం, అప్పడం, గోంగూర పచ్చడి ఉంటే ప్రపంచంతో పని లేదు. ఒకే పొయ్యి మీద రెండు వంటలు చేయడం కష్టమే. కాని నా వంట ఏమిటని ఎవరూ అడగరు కనక సుఖం.

మనిద్దరి ఆది జాకెట్లు తీసుకెళ్లిన పక్కింటి కృతి వాళ్లమ్మ హైదరాబాద్ నుంచి వచ్చేసింది. టైలర్ కొలతలు తీసుకుని వాటిని వెనక్కి ఇచ్చాడట. నీది ఈ ఉత్తరంతో పంపుతున్నాను. తీపి దగ్గర జాగ్రత్త. మేలో పెళ్లి, గుర్తుందిగా.

ఇట్లు,
పద్మజ ఆంటీ


సన్నీవేల్
ఫిబ్రవరి 15

పద్మజ ఆంటీ గారికి,

జాకెట్టు అందింది. వేసుకుని చూశాను. చేతులు మోచేతుల పైకి ఎక్కలేదు, హుక్కులు ఒకదానికొకటి ఎదురుపడే అవకాశమే లేదు. పక్కన నమ్రత నవ్వు ఆపుకోలేక గోడకి తిరిగి నిలబడింది. నేను నవ్వలేదు.

మీరు చెప్పదలచుకున్నది అర్థమైంది. మొదట రాగిపిండి, తర్వాత మేలో పెళ్లని గుర్తు చేయడం, ఇప్పుడు ఈ సైజు. ఇందులో పట్టేదాకా తగ్గమని మాటల్లోనే చెప్పి ఉండొచ్చు. ఈషాన్‌కి చెప్పకు, అమ్మకి చెప్పకు అని మొదటి ఉత్తరంలోనే ఎందుకు రాశారో కూడా అర్థమైంది.

ఆంటీ, నేను గౌరవం తప్పకుండా అడుగుతున్నాను. మీ ఇంట్లో ఉన్న వారం రోజులూ నాకు చాలా నచ్చాయి. వంటింట్లో మీ పక్కన స్టూల్ మీద కూర్చుని మాట్లాడుతుంటే, ఈ ఇంటికి రావడం కష్టం కాదు అనుకున్నాను. ఆ వారమంతా మీరు నా నడుము కొలుస్తూ కూర్చున్నారంటే నాకు ఇప్పుడే తెలియాలి. ప్లేట్ ఎత్తిన ప్రతిసారీ ఎవరో చూస్తున్నారేమో అనుకుంటూ బతకడం నావల్ల కాదు. అలాగైతే ఈ మే గురించి ఈషాన్‌తో నేను వేరేగా మాట్లాడాల్సి వస్తుంది.

దేదీప్య


అల్ఫారెట్టా
ఫిబ్రవరి 21

దేదీప్యా,

పొరపాటు జరిగింది. అది నీ జాకెట్టు కాదు. రెండూ మెరూన్ రంగే కావడంతో నేను సరిగా చూసుకోలేదు. నీది ఇక్కడే ఉంది, రేపే పంపుతాను. నీకొచ్చింది వెంటనే తిప్పి పంపెయ్యి. తిరగేసి చూడకు, ఉతకకు, ఇస్త్రీ చేయకు. ఉన్నదున్నట్టు మడిచి కవర్లో పెట్టు.

నిన్ను తగ్గమనే ఉద్దేశం నాకు లేదు. ఒట్టు.

పద్మజ


సన్నీవేల్
మార్చి 1

ఆంటీకి,

ఇస్త్రీ కూడా చేయొద్దని రాశారు. జాకెట్టు గురించి ఇంత భయం నేనెక్కడా చూడలేదు. తిరగేయొద్దన్నారు కనక తిరగేశాను.

లోపల పక్క కుట్లు ఒకదాని పక్కన ఒకటి మూడు ఉన్నాయి. మొదటి దారం జాకెట్టు రంగుదే. రెండోది కొంచెం ముదురు. మూడోది ఎర్ర దారం, చేత్తో వేసిన కుట్టు, ఇంకా కొత్తగా ఉంది. ఎవరో ఇంట్లో కూర్చుని, రంగు దారం దొరక్క, ఉన్న దారంతో తొందరగా బిగించినట్టుంది. చేతుల దగ్గరా అంతే. తర్వాత పాత ఫొటోలు తీసి చూశాను. దసరా పాట్‌లక్‌లో మీరు వేసుకున్నది ఇదే, వీపు మీద ఆ పూసల డోరీతో సహా. అప్పుడది మీకు సరిగ్గా పట్టింది. క్రిస్మస్ రోజు మళ్లీ ఇదే. ఈసారి ఇల్లంతా హీటర్ వేసి ఉన్నా పైన శాలువా తీయలేదు.

నేను మీ ఇంట్లో కళ్లు మూసుకుని తినలేదు ఆంటీ. మీరు కూడా మా అందరితో పాటే తిన్నారు. లడ్డూ తిన్నారు, బిర్యానీ తిన్నారు. మా అందరికీ జీన్స్ బటన్లు పట్టకపోతే మీరొక్కరే చిక్కిపోయారు. సింక్ దగ్గర, టీవీ దగ్గర, మంచం పక్కన, ప్రతిచోటా మీ నీళ్ల గ్లాసు. సినిమా చూస్తూ ఎన్నిసార్లు లేచారో. అంకుల్, "ఇంటర్వెల్ మళ్లీ వచ్చింది" అని జోక్ చేశారు. మీరూ నవ్వారు.

నడకవల్ల, జొన్నరొట్టెవల్ల చిక్కారని మాత్రం చెప్పకండి. మూడో కుట్టు క్రిస్మస్‌కే వేశారు. జొన్నరొట్టె జనవరిలో మొదలైంది. ఒంటి మీద వదులైపోయే బట్టలు నేను ఇంతకుముందు ఒక ఇంట్లో చూశాను. ఎక్కడన్నది తర్వాత రాస్తాను.

పోయిన ఉత్తరంలో నేను రాసిన మాటలకి క్షమాపణ ఇప్పుడే చెప్పను. ముందు మీరు నిజం రాయండి.

దేదీప్య

జాకెట్టు పంపడం లేదు. నా దగ్గరే ఉంటుంది.


అల్ఫారెట్టా
మార్చి 9

దేదీప్యా,

ఇంజనీరుని చేశారు గాని, నిన్ను పోలీసు చేసి ఉండాల్సింది మీ అమ్మగారు.

దసరా ముందు నుంచీ దాహం. ఎంత తాగినా తీరదు. ఒళ్లు తగ్గుతోంటే మొదట్లో నాకూ ముచ్చటేసింది. పాట్‌లక్‌లలో అందరూ నా చుట్టూ చేరి, "పద్మజగారూ, సీక్రెట్ ఏమిటో మాకూ చెప్పండి" అనేవారు. ఏ సీక్రెట్ చెప్పను. నవ్వి, గారెలు వడ్డించేదాన్ని. డిసెంబర్‌లో ఒకరోజు కృతి వాళ్ల అమ్మమ్మ షుగర్ చూసుకుంటుంటే, సరదాకి నా వేలు కూడా పెట్టాను. ఆ మిషన్ మీద వచ్చిన అంకె చూసి ఆవిడ మిషన్ పాడైందనుకుంది. నేను కూడా అలాగే అన్నాను.

డాక్టర్ దగ్గరికి ఎందుకు వెళ్లలేదని అడుగుతావు. చెప్తాను. నువ్వూ ఈషాన్ ఇష్టపడ్డారని తెలిశాక మీ అమ్మగారు ఫోన్ చేశారు. ఇల్లు, చదువు, గోత్రం అన్నీ అయ్యాక, చివర్లో మెల్లగా, "మీ ఇంట్లో షుగర్ లాంటివి ఎవరికీ లేవు కదండీ" అన్నారు. "లేవండీ" అన్నాను. ఆ రోజుకి అది నిజమే. ఇప్పుడు డాక్టర్ కాగితం మీద రాసిస్తే నేను అబద్ధం చెప్పినట్టవుతుంది. తల్లికుంటే రేపు కొడుక్కీ వస్తుందంటారు. దాచిపెట్టి పిల్లని తెచ్చుకున్నారంటారు. అందుకని మే లోపల తిండితో మెల్లగా దించేద్దామనుకున్నాను. పెళ్లయ్యాక చూసుకోవచ్చులే అనుకున్నాను.

నిన్నెందుకు కలుపుకున్నానంటే, ఒక్కదాన్నే చేయలేకపోయాను. మీ అంకుల్ అప్పడం నలుపుతుంటే ఆ చప్పుడుకే నా చెయ్యి అటు పోతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేను. క్రిస్మస్ రోజు నేనేసిన మూడో గారె నువ్వు సగం తిని, మిగతా సగం చడీచప్పుడు లేకుండా ఈషాన్ ప్లేట్‌లో పెట్టావు. ఎక్కడ ఆగాలో తెలిసిన పిల్ల అనుకున్నాను. నువ్వు ఏం తిన్నావో రాస్తే, ఆ రోజుకి నేనూ అదే తినొచ్చనుకున్నాను. నీ బీరకాయ ఉత్తరం వచ్చిన వారమంతా మా ఇంట్లో బీరకాయే.

నీ నడుము నేను చూడలేదమ్మా. నీ చెయ్యి ఎక్కడ ఆగిందో అది చూశాను.

ఇప్పుడు నీకు తెలిసిపోయింది. మీ అమ్మగారికి చెప్పడం, చెప్పకపోవడం నీ ఇష్టం. మే గురించి నువ్వు ఈషాన్‌తో వేరేగా మాట్లాడినా నేను తప్పుపట్టను.

పద్మజ


సన్నీవేల్
మార్చి 15

అత్తయ్యా,

ఈ పిలుపు మేలో మొదలుపెడదామనుకున్నాను. కాని ఇప్పుడు తిట్టాలంటే ఆంటీ అన్న మాట చాలడం లేదు.

ముందుగా, ఆ బట్టలు ఎక్కడ చూశానో. మా ఇంట్లోనే. నేను టెన్త్‌లో ఉండగా మా నాన్న మేకు కాల్చి బెల్టుకి కొత్త కన్నాలు పొడుచుకునేవాడు. ఖమ్మంలో మా వీధిలో అందరూ ఆయన వాకింగ్ మొదలెట్టాడనుకున్నారు. ఆయనకి షుగర్, అత్తయ్యా. అప్పటి నుంచీ ఉంది. మా ఫ్రిజ్‌లో కరివేపాకు కవర్ వెనకాల ఇన్సులిన్ ఉంటుంది. చుట్టాలొస్తే కరివేపాకు ముందుకు జరుగుతుంది.

అమ్మ మీకు ఫోన్ చేసిన రోజు వీడియో కాల్‌లో నేనూ విన్నాను. మీతో మాట్లాడి పెట్టేశాక, "అదేంటమ్మా, ఆ ప్రశ్న మనం అడగడమేంటి" అన్నాను. "పిచ్చిదానా, ముందు మనమే అడిగేస్తే వాళ్లు మనల్ని అడగరు" అంది. మీరు అడగలేదు. మీరు అడిగి ఉంటే అమ్మ ఏం చెప్పేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేనూ ఈషాన్‌కి ఏమీ చెప్పలేదు. మా అమ్మ భయపడి అడిగిన ప్రశ్నకి మీరు ఇన్ని నెలలు ఒళ్లు కరిగించుకుంటున్నారు.

తిండి మార్చుకోవడం మంచిదే. మీరు చెప్పిన పద్ధతే సరైంది, ఒక్కోటీ మెల్లగా. నా ఆకలి కూడా దారిలో పడింది, కుకీల దగ్గర ఇప్పుడు శుక్రవారాలు కూడా ఆగడం లేదు. కాని నేను దిగాల్సింది పండగ తిండి నుంచి. మీరు దిగాల్సింది అక్కడి నుంచి కాదు. జొన్నరొట్టె, మెంతినీళ్లు మందు పక్కన ఉండాలి గాని, మందు బదులు ఉండకూడదు. మా నాన్న కూడా కాకరకాయ రసంతో నెట్టుకొచ్చాడు, ఒకరోజు బాత్‌రూమ్‌లో పడిపోయేదాకా.

సోమవారం పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేయండి. దాహం గురించి, చిక్కిపోవడం గురించి అన్నీ చెప్పండి, ఆ రోజే చూడమనండి. అంకుల్‌ని తీసుకెళ్లండి. వచ్చే శనివారం లోపల మీ నుంచి కబురు రాకపోతే ఈషాన్‌ని కూర్చోబెట్టి మీ ఉత్తరాలన్నీ తీస్తాను. తనకి చదవడం రాదు గాని, నాకు చదివి వినిపించడం వచ్చు.

ఆ రోజు నోటీసులా కనిపించిన మీ మొదటి ఉత్తరం మళ్లీ చదివాను. అంత అనుమానంతో మీకు జవాబు రాసినందుకు ఇప్పుడు చెప్తున్నాను, క్షమించండి.

మీ దేదీప్య


అల్ఫారెట్టా
ఏప్రిల్ 4

అమ్మా దేదీప్యా,

కబురు ఫోన్‌లో తెలిసిందే అయినా ఉత్తరం బాకీ పెట్టకూడదని రాస్తున్నాను.

డాక్టరమ్మ బాగా కేకలేసింది. ఇంకా ఆలస్యం చేసి ఉంటే హాస్పిటల్‌లోనే ఉండేదానివంది. ప్రస్తుతానికి ఇన్సులిన్, మాత్రలు కూడా. తిండి సంగతి చెప్పే నర్సు నేను తినేదంతా విని, రొట్టె బాగుంది, కూర బాగుంది, ఇంకొంచెం పప్పు చేర్చు, కడుపు మాడ్చకు అంది. కాస్త ఒళ్లు రావాలట. వింటే నవ్వొచ్చింది. అమెరికాలో నా వయసు ఆడదానికి ఒళ్లు రావాలని ఎవరైనా చెప్తారా.

మీ అంకుల్ ఇంటికొచ్చి, "ఇంటర్వెల్ అని నవ్వాను చూడు" అని, వంటింట్లోకి వెళ్లి అప్పడాల డబ్బా పై అరలోకి ఎక్కించారు. మర్నాడు దింపుకున్నారనుకో. కాని ఇప్పుడు నాతో వీధి చివరిదాకా వస్తున్నారు. ఈషాన్ నాలుగు రోజులు అలిగాడు. ఇప్పుడు వాడికి తెలుగు చదవడం నేర్పమని నిన్ను అడుగుతాడు. నేర్పు, కాని మెల్లగా.

ఇంకొక పని కూడా చేశాను. మీ అమ్మగారికి నేనే ఫోన్ చేశాను. "వదినగారూ, ఆ రోజు మీరడిగిన దానికి నా జవాబు మారింది" అన్నాను. అప్పుడు ఆవిడ, "మీరు రాగులు ఆడిస్తారా, పిండి కొంటారా" అన్నారు. ఆ తర్వాత మేమిద్దరం మీ పెళ్లి భోజనాల గురించి గంటసేపు మాట్లాడుకున్నాం. లడ్డూ ఉంటుంది. చిన్న సైజు.

కొత్త జాకెట్లు వచ్చాయి, నీది నీకు పంపాను. నాది ఆ ఆది ప్రకారమే కుట్టాడు కనక ఇప్పుడే బిగుతుగా ఉంది. లోపల బట్ట వదిలాడు, ఇబ్బంది లేదు.

ఆ పాత మెరూన్‌ది నీ దగ్గరే ఉందన్నావుగా. నా కళ్లద్దాలు మార్చాలట, సన్నటి దారం కనబడడం లేదు. ఆ ఎర్ర దారం కుట్టు నువ్వే విప్పి తీసుకురా. మిగతా రెండూ వేసవిలో మనిద్దరం వంటింట్లో కూర్చుని విప్పుదాం.

మీ అత్తయ్య,
పద్మజ